జోల్వా నుంచి డోర్నకల్‌కు, ఒక ప్లాను చేతబట్టుకుని

మా అమ్మ తరం ఆడవాళ్లకు గార్డెన్ వరేలీ అంటే ఊరెళ్లేటప్పుడు కట్టుకునే మెత్తటి పూల చీర. వరేలీ ఒక పల్లె పేరని వాళ్లలో చాలామందికి తెలిసి ఉండదు. సూరత్ నుంచి వచ్చి, కడోదరా చార్ రస్తా దగ్గర ముంబై–అహ్మదాబాద్ హైవే దాటి, బార్డోలీ రోడ్డు పట్టుకుంటే ఆ పల్లె వస్తుంది. దాని చుట్టుపక్కలదే జోల్వా. గార్డెన్ సిల్క్ మిల్స్ వాళ్ల పాలియెస్టర్ చిప్స్, నూలు తయారయ్యేది ఈ జోల్వాలోనే. పల్సాణా తాలూకా అంతా ఇంతే. చెరకు తోట, దాని పక్కన డైయింగ్ మిల్లు పొగగొట్టం, దాని వెనక టెక్స్‌చరైజింగ్ షెడ్డు, షెడ్డు వెనక కూలీల గదుల వరసలు. ఆ వరసల్లో ఒడియా, భోజ్‌పురి, మరాఠీ, మధ్యమధ్య మన తెలుగు. సూరత్ నగరంలో తెలుగువాళ్లకు మునిసిపల్ తెలుగు మీడియం బడులున్నాయి, మగ్గాల మీద తరాలుగా బతుకుతున్న పద్మశాలీలున్నారు. జోల్వా దాకా వచ్చిన తెలుగు అంత స్థిరపడింది కాదు. మేస్త్రీ వెంట వచ్చి, ఆర్నెల్లుంటే చాలనుకుని, పిల్లల్ని బళ్లో వేసేదాకా ఉండిపోయిన తెలుగు.

అలా ఉండిపోయిన వాళ్లలో కొన్ని క్రైస్తవ కుటుంబాలు ఆదివారం సాయంత్రం ఒక కిరాణా దుకాణం మేడ మీద చేరతాయి. సాయంత్రమే ఎందుకంటే మిల్లుకు ఆదివారం లేదు, పన్నెండు గంటల షిఫ్టు ఉంది. పగటి షిఫ్టు వాళ్లు దిగి స్నానం చేసి వచ్చేసరికి రాత్రి షిఫ్టు వాళ్లు టిఫిన్ డబ్బాతో సహా వచ్చి తలుపు దగ్గర కూర్చుంటారు, మధ్యలో లేచి పోవాలి కాబట్టి. ప్రసంగం ఎంత బాగున్నా సరే, గంట కొట్టేది మిల్లే. నల్లగొండ, ఖమ్మం, వరంగల్, ఒంగోలు, గుంటూరు, ఇన్ని చోట్ల నుంచి వచ్చినవాళ్లు. సి.ఎస్.ఐ. వాళ్లున్నారు, బాప్టిస్టులున్నారు, లూథరన్లున్నారు, పెంతెకోస్తు వాళ్లున్నారు. ఊళ్లో ఉంటే ఒకరి గుడికి ఒకరు వెళ్లని వాళ్లు ఇక్కడ ఒకే చాప మీద కూర్చుంటారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మాత్రం అందరిదీ ఒకటే.

ఈ మేడ చాలడం లేదు. ఓ చిన్న మందిరం కట్టుకుందామన్న మాట చాలాకాలంగా నలుగుతోంది. ఎట్టకేలకు ఒక గుజరాతీ డ్రాఫ్ట్స్‌మన్ కుర్రాడి చేత ప్లాను గీయించారు. ఆ కాగితం చూశాకే నాకు ఈ ప్రయాణం చేయాలనిపించింది. ముందు భాగంలో నిలువెత్తు గోపురం, కోసుగా మూడు అంచెలు. దాని వెనక ఇరవై అడుగుల హాలు. ఎలివేషన్ ఘనంగా ఉంది, లోపల మనుషులు కూర్చునే చోటు తక్కువ. ఇదెక్కడిదని అడిగితే మా పెద్ద ఒకాయన ఫోనులో మెదక్ చర్చి ఫొటో తీసి చూపించాడు.

"గోపురం లేకుంటే చర్చిలెక్క ఎట్ల కనపడ్తది తమ్మీ?"

కనబడాలన్న ఆశ న్యాయమైనదే. రోజంతా ఎవరికీ కనబడని పని చేసేవాళ్లం. కానీ కనబడటానికి అయ్యే ఖర్చు ఇటుకల్లోనే తేలిపోదు. జోల్వాలో భూమి కొనడమే ఒక శాస్త్రం. 1948 నాటి బొంబాయి కౌలుదారీ చట్టం ఇక్కడ ఇంకా అమల్లో ఉంది. సాగుదారు కానివాడు సాగుభూమి కొనడానికి లేదు. ఎన్.ఏ. అయిన ప్లాటే కొనాలి, అంటే వ్యవసాయేతరమని ప్రభుత్వం ముద్ర వేసింది. చెరకు చేలో ఓ మూల చవగ్గా ఇస్తానని ఎవరైనా చెబితే ముందు సాత్-బార్ ఉతారా, అంటే భూమి రికార్డు, అడిగి చూడాలి, అందులో ఏ పేరుందో, ఏ పంట ఉందో. ఆస్తి ఎవరి పేరున ఉండాలన్నది ఇంకో చిక్కు. ట్రస్టు పెట్టుకుని చారిటీ కమిషనర్ దగ్గర నమోదు చేయించుకోవాలి. ఒకరి పేరున కొని అందరిదీ అనుకుంటే ఏమవుతుందో తెలుగునాట సంఘాల కోర్టు కేసులు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇవి కాక ఇరుగుపొరుగు చూపు. గుజరాత్‌లో 2003 నుంచి మతమార్పిడి మీద చట్టముంది, బాప్తిస్మం లాంటి తంతుతో మతం మార్పించాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి ముందే ఉండాలి. ఇక్కడికి తూర్పున ఉన్న డాంగ్స్‌లో 1998 క్రిస్మస్ నాడు మొదలై ప్రార్థనా మందిరాల మీద జరిగిన దాడులు ఈ వైపు వాళ్లెవరూ మరిచిపోలేదు. మావాళ్లు తాతల నాటి క్రైస్తవులు, కొత్తగా మారినవాళ్లు కారు. అయినా కోసు గోపురం దూరం నుంచి ఏం చెబుతుందో ఆలోచించుకోవాలి కదా.

సూరత్‌కు క్రైస్తవం కొత్త అని మాత్రం ఎవరూ అనలేరు. లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు 1815లోనే ఇక్కడ దిగారు. స్కిన్నర్, ఫైవీ అనే ఇద్దరు చేసిన గుజరాతీ కొత్త నిబంధన 1820ల మొదట్లో ఈ ఊళ్లోనే అచ్చయింది. అంతకు చాలా ముందు వచ్చిన వర్తకుల సమాధులు కతార్‌గామ్ దర్వాజా వైపు ఇప్పటికీ ఉన్నాయి. 1669లో పోయిన సర్ జార్జ్ ఆక్సెండెన్‌ది ఇంగ్లీషువాళ్ల శ్మశానంలో ఉంది, 1691లో పోయిన వాన్ రీడ్‌ది డచ్చివాళ్ల శ్మశానంలో. మలబారు మొక్కల మీద పెద్ద గ్రంథం వెలువరించిన వాన్ రీడే ఆయన. వాళ్ల గోరీలు చూస్తే గుమ్మటాలు, తోరణాలు, అచ్చం మొగలాయి నవాబుల సమాధుల్లా ఉంటాయి. ఇంగ్లీషువాడి కంటే నాది పెద్దదని డచ్చివాడు, డచ్చివాడి కంటే నాది పెద్దదని ఇంగ్లీషువాడు పోటీపడి కట్టుకున్నవి. గొప్ప చూపించుకోవడానికే కట్టారు, అయినా ఈ నేలకు అర్థమయ్యే ఆకారంలో కట్టారు. ఈ సంగతి నా బుర్రలో తిరుగుతుండగానే డోర్నకల్ గుడి గుర్తొచ్చింది.

సూరత్ తెలుగువాళ్లకు ఇంటిదారి అంటే నవజీవన్ ఎక్స్‌ప్రెస్. అహ్మదాబాద్‌లో బయల్దేరి చెన్నై పోయే ఈ బండి సూరత్‌కు అర్ధరాత్రి దాటాక వస్తుంది. తపతీ లోయ లైను మీద చల్థాన్, బార్డోలీ, వ్యారా చీకట్లోనే దాటిపోతాయి. చల్థాన్ దగ్గర కిటికీలోంచి చూస్తే మిల్లుల దీపాలు కనబడతాయి, జోల్వా అటే. ఇంటి నుంచి సూరత్ స్టేషన్‌కు పడమటికి పోయి, బండెక్కి, మళ్లీ ఇంటి పక్కనుంచే తూర్పుకు పోవడం మా ప్రయాణాల్లో మొదటి విడ్డూరం. తెల్లారేసరికి ఖాందేశ్, మధ్యాహ్నానికి విదర్భ ఎండ, బల్లార్షా దాటాక బోగీలో హిందీ తగ్గి తెలుగు పెరుగుతుంది. కాగజ్‌నగర్ వచ్చేసరికి "జరుగన్నా" వినబడితే సగం ఊరొచ్చినట్టే. వరంగల్‌లో రాత్రి ఆగి, పొద్దున ప్యాసింజరు పట్టుకున్నాను. నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్, గార్ల, ఆ తర్వాత డోర్నకల్ జంక్షన్.

జంక్షన్ అంటే బొగ్గు కోసం పుట్టిన జంక్షన్. ఇల్లెందు, కొత్తగూడెం గనుల వైపు లైను ఇక్కడే చీలుతుంది. నిజాం రైలు 1880ల చివర ఈ దారిన బెజవాడకు పోయింది. అంటే ఈ ఊరు కూడా జోల్వా లాంటిదే ఒకరకంగా. పనిని వెతుక్కుంటూ వచ్చినవాళ్ల ఊరు. ఇక్కడికి మతం తెచ్చినవాడు కూడా వలసవచ్చినవాడే, పైగా తెలుగు రానివాడు.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఆంగ్లికన్ గురువు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దేశమంతా తిరిగాడు. మిషనరీలంటే తెల్లవాళ్లే ఎందుకు కావాలన్న పట్టుదలతో 1903లో తిరునెల్వేలి క్రైస్తవులే డబ్బు వేసుకుని ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు, అజరయ్య ముందు నిలబడ్డాడు. వాళ్లు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. 1909లో ఆయనే ఇక్కడికి వచ్చాడు. మొదట్లో బస గుడారంలో. ముప్ఫయ్యైదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నాడు. మాల, మాదిగ పల్లెలకు బండి కట్టించుకుని పోయేవాడు. 1910లో ఎడిన్‌బరో మహాసభలో నిలబడి, మాకు డబ్బిచ్చారు, ప్రాణాలిచ్చారు, స్నేహం ఇవ్వలేదు అన్న అర్థం వచ్చేలా తెల్లదొరల ముఖం మీదే చెప్పాడు. సభలో కొందరికి నచ్చలేదు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెతీడ్రల్‌లో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్.

బిషప్ అంటే కెతీడ్రల్ ఉండాలి. ఈయన కెతీడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. మధ్యలో 26 ఏళ్ల పైన గడిచాయి. అందుకే ఇంతదూరం వచ్చాను. ఆ ఏళ్లలో ఆయన ఏం కట్టాడన్నది నా ప్రశ్న.

గుడి పేరు ఎపిఫనీ కెతీడ్రల్, తూర్పు జ్ఞానులు శిశువును చూడవచ్చిన పండుగ పేరు. ప్రతిష్ఠ కూడా ఆ పండుగనాడే. స్టేషన్ నుంచి నడిచి పోవచ్చు. దూరం నుంచి చూస్తే ఇది చర్చి అని చెప్పడం కష్టం. గుమ్మటాలున్నాయి, మినార్ల లాంటి బురుజులున్నాయి, కొత్తవాడు మసీదో దర్గానో అనుకుంటాడు. లోపల అడుగుపెడితే ఇంకో సందేహం, గుడి మండపంలోకి వచ్చామా అని. రాతి స్తంభాలు వరసగా నిలబడి ఉన్నాయి, వాటి మీద తామర చెక్కడాలు. తామరతో పాటు సిలువ. ఓరుగల్లు వేయిస్తంభాల గుడి చూసిన కన్నుకు ఇక్కడ పరాయితనం లేదు. గోల్కొండ గోరీలు చూసిన కన్నుకు బయట పరాయితనం లేదు. అజరయ్య కోరింది అదే. నిజాం రాజ్యంలో, తెలుగు పల్లెల మధ్య, క్రీస్తు ఆలయం ఆ రెండు కట్టడాల వారసత్వాన్నీ తీసుకోవాలని. తిరునెల్వేలిలో ఆయన పెరిగింది తెల్లమిషనరీలు కట్టించిన కోసు గోపురాల గుళ్ల నడుమ. అదే నమూనా ఇక్కడికి తేవడం ఆయనకు చాలా తేలిక. తేలేదు.

రాయి చల్లగా ఉంది. బయట ఎండ మండుతుంటే లోపల ఫ్యాను లేకుండా కూర్చోగలిగాను. మా మేడ మీద రేకుల కప్పు కింద మేలో జరిగే ఆరాధన గుర్తొచ్చి, జేబులోంచి ప్లాను తీసి కప్పు గురించి ఏం రాశారో చూశాను. ఏమీ రాయలేదు. ఎలివేషన్ గీసిన కుర్రాడికి వేడి గురించి ఎవరూ చెప్పి ఉండరు.

లోపల పాటల బృందంలో ఏళ్లుగా పాడుతున్న ఒక పెద్దాయన పరిచయమయ్యారు. రైల్వేలో చేసి రిటైరయ్యారట. నేను జోల్వా అంటే "అదేడుంది బిడ్డా?" అన్నారు. సూరత్ అంటే "ఆ, చీరల ఊరు" అన్నారు. ప్లాను ఆయన చేతిలో పెట్టాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"గోపురానికి ఎంతయితదన్నరు?"

చెప్పాను.

"దాని కింద ఎవరు కూసుంటరు?"

జవాబు లేదు నా దగ్గర. ఆయన నవ్వి, "మా అజరయ్యగారు ముందుగాల మనుషులను పోగేసిండు, రాళ్లు తర్వాత పోగేసిండు" అన్నారు. ఆ మాట ఆయన చాలామందితో అన్నట్టే ఉంది, నలిగిన మాటలా వచ్చింది. కానీ పొల్లు మాట కాదు.

ఆ 26 ఏళ్ల లెక్క చూడండి. 1912లో చిన్న ముక్కగా ఇచ్చిన డయోసిస్ 1920ల మొదట్లో కృష్ణా తీరం, నంద్యాల, కడప వైపు మిషన్లు కూడా కలిసి పెద్దదయింది. 1941 నాటికి అందులో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. ఇంతమందికి పాస్టర్లను విదేశాల నుంచి తెచ్చుకోలేరు. కాబట్టి పల్లె ఉపదేశులను ఇక్కడే తయారుచేశాడు. వేదాంత పాఠశాలకు వచ్చేవాడు భార్యను కూడా తీసుకుని రావాలి, ఆమె కూడా చదవాలి. ఉపదేశి ఒక్కడే చదువుకుని పల్లెకు పోతే సగం పల్లెతో మాట్లాడలేడన్నది ఆయన లెక్క, అందులో తప్పు పట్టడానికేం లేదు. బాప్తిస్మం తీసుకునేవాడు తన తలమీద చెయ్యి పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందినవాణ్ని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలకాలి. అంటే కొత్తగా వచ్చినవాడు మొదటి రోజే పనివాడయ్యాడు, కూర్చుని వినేవాడు కాదు. పల్లెల్లో ఆయన పోట్లాడిన శత్రువులు నాలుగని చెప్పేవాడు. మురికి, రోగం, అప్పు, తాగుడు. జోల్వా గదుల వరసల్లో ఉన్నవాడెవడైనా ఈ పట్టిక చదివి, ఇది నిన్న రాసింది కాదా అంటాడు.

డబ్బు ఎక్కడిదన్నది అసలు ప్రశ్న. వీళ్లు కూలీలు, పాలేర్లు. చేతిలో రూపాయి ఆడేది తక్కువ. అందుకని పిడికెడు బియ్యం. వంటకు బియ్యం కడిగే ముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారం తిరిగేసరికి అది గుడికి చేరుతుంది. ఇది డోర్నకల్‌దే కాదు, తెలుగు సంఘాలన్నిటా ఉన్న అలవాటు. అజరయ్య దాన్ని డయోసిస్ వెన్నెముకగా చేసుకున్నాడు. క్రైస్తవుడి ఇవ్వడం గురించి ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. బీదవాడు కాబట్టి ఇవ్వనక్కర్లేదనడం వాడికి చేసే మర్యాద కాదని ఆయన వాదం. నాకు ఇందులో కొంచెం బెరుకు ఉంది, చెప్పేస్తాను. ఆకలిగా ఉన్న ఇంటి నుంచి పిడికెడు తీసుకోవడం ఎంతవరకు సబబు? కానీ ఆ పిడికెడు ఇచ్చిన ఆడమనిషి తర్వాత పాస్టరేట్ లెక్కలు అడగగలిగింది. తెల్లవాడి డబ్బుతో కట్టిన గుడిలో లెక్క అడిగేవాళ్లెవరు?

కోతపండుగ గురించి పెద్దాయన చెప్పినప్పుడు మొహం వెలిగిపోయింది. పంట ఇంటికొచ్చాక ప్రతి ఇంటివాళ్లూ తొలి ఫలం గుడికి తెస్తారు. వడ్ల మూట, గుమ్మడికాయ, గంపెడు మిరపకాయలు, కాళ్లు కట్టిన కోడిపుంజు. బలిపీఠం ముందు గంపలు పేరుతాయి, ఆరాధన అయ్యాక ఆవరణలో వేలం. పదిరూపాయల సొరకాయ వందకు పోతుంది. కొన్నవాడు దాన్ని మళ్లీ గుడికే ఇచ్చేస్తాడు, రెండోసారి వేలం. కోడిపుంజు తాళ్లు తెంచుకుని గురువుగారి కుర్చీ కిందికి దూరిన ఏడాది కథ ఒకటి చెప్పారు, నవ్వుతూ మధ్యలో ఆగిపోయారు. హిందూ పల్లెల్లో పండుగలకు ఏ డప్పు, ఏ కోలాటం ఉంటాయో అవే ఇక్కడ ఉండాలన్నది అజరయ్య పట్టుదల. జనం పండుగ పోగొట్టుకుని గుడిలోకి రాకూడదు, పండుగతో రావాలి. మా జోల్వాలో కోత లేదు. బాబిన్ ఉంది. బాబిన్‌కు పండుగ ఎలా చేయాలో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

పెద్దాయన మధ్యాహ్నం ఇంటికి తీసుకెళ్లి భోజనం పెట్టారు. వాళ్లావిడ స్త్రీల మైత్రిలో, అంటే సంఘంలోని ఆడవాళ్ల బృందంలో, పనిచేస్తుందట. ప్లాను ఆమె కూడా చూసింది. నల్లా ఎక్కడని అడిగింది. చంటిపిల్లలున్న తల్లులు ఎక్కడ కూర్చుంటారని అడిగింది. పెళ్లయితే వంట ఎక్కడ, ఎవరైనా పోతే శవపేటిక ఏ తలుపులోంచి తెస్తారని అడిగింది. మా పెద్దలు నెలల తరబడి వాదించుకున్న కాగితం మీద ఈ ప్రశ్నల్లో ఒక్కటీ లేదు.

ఆవరణలోనే అజరయ్య సమాధి. 1945 జనవరి 1న పోయాడు. సంఘాలు ఒకటి కావాలని 1919లో తరంగంబాడి సమావేశంలో పాలుపంచుకున్నప్పటి నుంచి కష్టపడ్డాడు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఏర్పడింది, ఆయన చూడలేదు. బాప్టిస్టులు, లూథరన్లు అందులో చేరలేదు. ఆ చేరకపోవడం తాలూకు ముక్క ఒకటి ఇప్పుడు జోల్వా ప్లానులో ఉంది. ప్రసంగ వేదిక కింద నీళ్ల తొట్టి గీశారు, ముంచి బాప్తిస్మం ఇవ్వడానికి ఒంగోలు బాప్టిస్టులు అడిగారని. మా సి.ఎస్.ఐ. వాళ్లు పసిపిల్లలకు చిన్న గిన్నెతో సరిపెడతాం, తొట్టి ఎందుకు దండగ అంటారు. పెద్ద పెద్ద మహాసభల్లో తేలని విషయం కిరాణా దుకాణం మేడ మీద తేలాలి. నాకైతే తొట్టి ఉండటమే మేలనిపిస్తుంది. మీద చెక్కలు పరిస్తే వేదికే పెద్దదవుతుంది.

మెదక్ సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఫొటో చూపించిన మా జోల్వా పెద్దాయనకు అన్యాయం చేసినట్టవుతుంది. నేను మెదక్ ఇంతకుముందే చూశాను. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1914లో మొదలుపెట్టి, పదేళ్లు కట్టి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన గుడి అది. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడవు, 175 అడుగుల గోపురం. కరువు రోజుల్లో పని ఇచ్చి తిండి పెట్టడానికి మొదలైన నిర్మాణం. ఆ గోపురం కింద ఎవరు కూర్చున్నారంటే, దాన్ని మోసిన కూలీలే కూర్చున్నారు. రాళ్లు మోసి ప్రాణాలు నిలుపుకున్న వాళ్ల మనవలు ఇప్పటికీ క్రిస్మస్‌కు బండ్లు కట్టుకుని వచ్చి ఆవరణలో వండుకుంటారు. దాని రంగు అద్దాలు, నేల మీది టైల్స్, కోసు తోరణాలు పరాయి దేశానివే. అయినా వందేళ్లలో ఆ గుడి తెలంగాణ సొంతమైపోయింది. అందుకని మెదక్ తప్పు, డోర్నకల్ ఒప్పు అని తీర్పు చెప్పడానికి నాకు నోరు రాదు. ఒక తేడా మాత్రం కనబడుతోంది. మెదక్‌లో కూలి పనే కట్టడానికి కారణం. జోల్వాలో పని మిల్లులో ఉంది. మేము కట్టుకోవాల్సింది పని లేని ఆ కాసేపు కూర్చునే చోటు. కరువు లేనిచోట కరువు గోపురాన్ని అప్పు తెచ్చి కట్టుకోవడం నాకు మింగుడుపడలేదు.

తిరుగు బండిలో ప్లాను వెనక్కి తిప్పి పెన్నుతో గీశాను. గీత వంకరైనా లెక్క సూటిగానే వచ్చింది. గోపురం తీసేస్తే హాలు ముప్ఫై అడుగులకు పోతుంది. ముందు వెడల్పాటి వరండా, రాత్రి షిఫ్టు వాళ్లు టిఫిన్ డబ్బాలతో కూర్చుని ఎవరికీ అడ్డం కాకుండా లేచి పోవడానికి. వరండాకు రెండు నల్లాలు. పక్కన తలుపున్న చిన్న గది తల్లులకు. శవపేటిక తిరిగేంత వెడల్పున్న పక్క ద్వారం. కప్పు ఎత్తుగా, పైన గాలి పోయే కంతలతో. మిగతా ఆరు రోజులు సాయంత్రాలు పిల్లలకు తెలుగు చెప్పుకోవచ్చు, జోల్వాలో తెలుగు బడి లేదు. గుమ్మటం పెట్టాలా, సిలువ ఎంత ఎత్తున పెట్టాలా అన్నవి ఇప్పుడే తేల్చాల్సినవి కావు.

ఆ ఆదివారం మేడ మీద ఆరాధన అయ్యాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. గోపురం పెద్దాయన ఏమీ అనకుండా చాలాసేపు చూసి, "గోపురానికి జాగ ఉంచినవా?" అన్నాడు. ఉంచాను, వరండాకు ఈశాన్యం మూల పునాది కాస్త గట్టిగా వేయిద్దామన్నాను, పైసలు మిగిలినప్పుడు లేపుకోవచ్చని. "మా మనుమలు లేపుతరులే" అని ఒప్పుకున్నాడు, ఒప్పుకున్నట్టు మొహం పెట్టకుండా. తొట్టి గురించి మళ్లీ వాదన లేచింది, అది ఇంకా నడుస్తోంది.

డబ్బు సంగతి మాత్రం ఆడవాళ్లు తేల్చారు. నేను పిడికెడు బియ్యం కథ చెబితే ఒకామె నవ్వింది. ఇక్కడ బియ్యం కిలోల్లో కొంటాం, పిడికెడు తీస్తే ఏ మూలకని. ఆమె ఇంటి దగ్గర చీరలకు దారాలు కత్తిరించే పని చేస్తుంది. పక్కామె లేసు కుడుతుంది, ఇంకొకామె రాళ్లు అంటిస్తుంది. లెక్క చీరకింతని. రోజుకు ఒక చీర కూలి పక్కన పెడదామని ఆమే అంది. ఏ చీర అన్నదాని మీద కాసేపు పోట్లాడుకున్నారు, రాళ్ల చీరకు కూలి ఎక్కువ, దారాల చీరకు తక్కువ. చివరికి ఎవరి చీర వాళ్లదే, పొద్దున మొదట చేతికొచ్చినది అని తీర్మానం రాశారు. డబ్బా కొనడానికి మర్నాడే కడోదరా బజారుకు పోయారు, తాళం రెండు చెవులది కావాలని, ఒకటి స్త్రీల మైత్రి దగ్గర ఉండాలని పట్టుబట్టి.